వీసా అంటే ఇచ్చిన మాట

కిందటి నెల అందిన ఉత్తరాలలో ఒకటి నన్ను రెండు రోజులు ఆలోచనలో పడవేసింది. రాసినవారు ఒక తల్లి. వారి అబ్బాయికి పారిస్ నగరంలో పై చదువుకు సీటు వచ్చింది. వీసా కూడా చేతికి అందింది. ప్రయాణానికి ఇంకా నెల రోజుల వ్యవధి ఉంది. "మౌలానా సాహెబ్! ఆ నగరంలో జరిగిన దాడుల గురించి తెలిసినప్పటి నుంచీ నాకు కంటిమీద కునుకు లేదు. ఒకవైపు ఆ దుర్మార్గుల భయం. మరొకవైపు మన పేరు వినగానే అక్కడివారు అనుమానిస్తారేమోనన్న భయం. బిడ్డను పంపమంటారా, ఆపమంటారా?" అని ఆమె అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు కితాబుల్లో వెతకబోయే ముందే మా ఇంటి సంగతి ఒకటి నా మనసులో మెదిలింది. అందులో నేను తప్పు సలహా ఇచ్చిన మామను. అయినా చెబుతాను, ఆ తల్లికి అది ఉపయోగపడవచ్చు.

మా ఆపా కూతురు 2015 సెప్టెంబరులో భర్తతో కలిసి పారిస్ వెళ్ళింది. అల్లుడిది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వారు కాపురం పెట్టింది నగరానికి ఉత్తరాన ఆనుకుని ఉన్న సాన్ దెనీ అనే ఊళ్ళో. ఫ్రాన్స్ రాజుల సమాధులున్న ప్రాచీన చర్చి అక్కడే ఉంది. దాదాపు ఎనభై వేల మంది కూర్చోగలిగే 'స్తాద్ ద ఫ్రాన్స్' క్రీడా మైదానమూ అక్కడే ఉంది. అల్జీరియా, మొరాకో, మాలీ దేశాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఆ ఊళ్ళో ఎక్కువ. హలాల్ మాంసానికి కొదవ లేదు. కరివేపాకు కావాలంటే మాత్రం మెట్రో ఎక్కి లా షాపెల్ ప్రాంతంలోని శ్రీలంక తమిళుల దుకాణాలకు వెళ్ళాలి.

మొదటి రోజుల్లో ఆ అమ్మాయి ఫోను చేసినప్పుడల్లా ఒకటే ఫిర్యాదు. "మామూ! ఇక్కడివాళ్ళకు గర్వం ఎక్కువ. రొట్టెల దుకాణంలోకి వెళితే ఆవిడ నా ముఖం కూడా చూడదు." కొద్ది రోజులకు ఫ్రెంచి నేర్పే పంతులమ్మ అసలు విషయం చెప్పారట. ఆ దేశంలో దుకాణంలో అడుగు పెట్టగానే ముందు 'బోన్‌జూర్' అని పలకరించాలి. పలకరించకుండా వస్తువు అడగటం పెద్ద అమర్యాద. ఆ సంగతి చెబుతూ అమ్మాయి నవ్వింది. "అంటే మామూ, ఇన్నాళ్ళూ నేనే సలాము చెప్పకుండా లోపలికి వెళుతున్నాను!" పరిచయం ఉన్నవారికీ లేనివారికీ సలాము చెప్పమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధను చిన్నప్పుడు ఆ పిల్లకు నేర్పింది నేనే. పరాయి దేశంలో దాన్ని ఎలా ఆచరించాలో ఒక రొట్టెల దుకాణం నేర్పింది.

రెండు నెలలు గడిచాయి. నవంబరు 13, శుక్రవారం రాత్రి. మనకు అప్పటికే శనివారం. ఫజ్ర్ నమాజు ముగించుకుని వస్తుండగా ఆపా ఫోను చేసింది. ఏడుపు తప్ప మాట రావటం లేదు. టీవీ పెట్టి చూశాము. మా పిల్ల ఉన్న ఊళ్ళోనే, ఆ క్రీడా మైదానం బయట ముగ్గురు తమను తాము పేల్చుకున్నారు. లోపల ఫ్రాన్స్, జర్మనీ జట్ల ఫుట్‌బాల్ ఆట జరుగుతూ ఉంది. అదే సమయాన పారిస్ వీధుల్లో, హోటళ్ళ ముందు కూర్చుని భోజనం చేస్తున్నవారి మీద తుపాకులు పేల్చారు. బాతక్లాన్ అనే సంగీతశాలలో 90 మందిని చంపారు. ఆ రాత్రి బలైనవారు మొత్తం 130 మంది. వారిలో ముస్లిం కుటుంబాల బిడ్డలూ ఉన్నారు. ఆ రాత్రే దేశాధ్యక్షుడు ఫ్రాన్స్వా ఓలాంద్ అత్యవసర పరిస్థితి ప్రకటించారు.

అమ్మాయి, అల్లుడు క్షేమంగా ఉన్నారని తెలిసిన తర్వాత ఫోను నా చేతికి ఇచ్చారు. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "బేటీ! తలుపు వేసుకుని ఇంట్లోనే ఉండు. ఎవరితోనూ మాట్లాడకు. ఎవరు పిలిచినా తలుపు తీయకు. టిక్కెట్లు దొరికితే వచ్చేయండి." భయపడిన పెద్దవాడి నోట వచ్చే మాటలే అవి. నాలుగు రోజుల పాటు ఆ పిల్ల వాటిని తు.చ. తప్పకుండా పాటించింది.

18వ తేదీ తెల్లవారుజామున సాన్ దెనీలో మళ్ళీ తుపాకుల మోత. ఆ దాడుల సూత్రధారి ఒక ఇంట్లో దాక్కున్నాడని తెలిసి పోలీసులు చుట్టుముట్టారు. కొన్ని గంటల పాటు కాల్పులు సాగాయి, అతడు హతమయ్యాడు. ఆ ఇల్లు మా పిల్ల ఉండే భవనానికి కొద్ది వీధుల దూరమే. మెట్ల మీద ఏదో అలికిడి విని ఆమె తలుపు సందులోంచి చూసింది. కింది అంతస్తులో ఒంటరిగా ఉండే ముసలావిడ రాత్రి దుస్తులతోనే మెట్ల మీద కూర్చుని వణికిపోతూ ఉంది. మా పిల్ల తలుపు తీసింది. తనకు వచ్చిన రెండు ముక్కలూ, "బోన్‌జూర్ మదామ్" అంది. చేయి పట్టుకుని లోపలికి తీసుకువచ్చి, దుప్పటి కప్పి, పాలూ చక్కెరా ఎక్కువ వేసి మన టీ కాచి ఇచ్చింది. మధ్యాహ్నం ఆవిడ కూతురు వచ్చింది. ఆమెకు ఇంగ్లీషు తెలుసు. తల్లి చెప్పిన మాట ఆమె నోట విని మా పిల్ల నిర్ఘాంతపోయింది. "ఈ నాలుగు రోజులూ మా అమ్మ మీ ఇద్దరినీ చూసి భయపడుతూ ఉందట. తలుపు చాటు నుంచి మీ రాకపోకలు గమనిస్తూ ఉందట." అప్పుడు మా పిల్ల కూడా నిజమే చెప్పింది. "మేమూ ఆవిడకు భయపడే తలుపు తీయలేదు."

ఆ రాత్రి ఫోనులో నాతో అంది: "మామూ! మీరు చెప్పినట్టు చేయలేదు. కోపగించుకోకండి."

మర్నాడు ఉదయం మదర్సాలో నా పాఠం హిదాయా. దాని 'సియర్' ప్రకరణంలో ముస్తామిన్‌ను గురించిన అధ్యాయం ఒకటి ఉంది. అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా దాన్ని పరీక్షలో వచ్చే ప్రశ్నగానే చెబుతూ వచ్చాను. ఆ రోజు మొదటిసారి చదువుతున్నట్టు అనిపించింది.

ముస్తామిన్ అంటే అమాన్ పొందినవాడు. పరాయి పాలకుని భూమిలోకి ఆయన అనుమతితో, అభయంతో ప్రవేశించినవాడు. అలా వెళ్ళిన ముస్లిము అక్కడివారి ప్రాణానికి గానీ, ధనానికి గానీ హాని తలపెట్టటం హరామ్ అని మన ఫుఖహాలు స్పష్టంగా రాశారు. అందుకు వారు చూపిన కారణం గమనించదగినది. అభయం అడిగి పుచ్చుకున్నవాడు తానూ అభయం ఇచ్చినట్టే. "మీరు నన్ను ఏమీ చేయవద్దు" అని అడిగినవాడు "నేను మిమ్మల్ని ఏమీ చేయను" అని చెప్పినట్టే. దాన్ని ఉల్లంఘించటం గద్ర్, అంటే నమ్మకద్రోహం. ఇమామ్ అబూ హనీఫా (రహ్) శిష్యులైన ఇమామ్ ముహమ్మద్ (రహ్) ఈ విషయాల మీదే పన్నెండు వందల ఏళ్ళ కిందట 'సియరె కబీర్' అనే గ్రంథం రచించారు. నేడు పాస్‌పోర్టులో అతికించే వీసా ఆ అమాన్‌కే కొత్త రూపం. దాని మీద సంతకం చేసిన మన బిడ్డ ఒక మాట ఇచ్చాడు. ఆ మాటకు అల్లాహ్ సాక్షి.

హజ్రత్ ముగీరా బిన్ షూబా (రజి) ఇస్లాంలోకి రాక ముందు తనతో ప్రయాణం చేసినవారిని చంపి, వారి సొమ్ము తీసుకుని మదీనాకు వచ్చారు. ఇస్లాం స్వీకరించారు. దైవప్రవక్త (స) ఆయన ఇస్లాంను అంగీకరించారు గానీ ఆ సొమ్మును ముట్టుకోవటానికి ఒప్పుకోలేదు. నమ్మి వెంట వచ్చినవారిని వంచించి తెచ్చిన సొమ్ము అది. ఇక హిజ్రత్ రాత్రి సంగతి మన పిల్లలందరికీ తెలిసినదే. తనను చంపటానికి ఇంటి చుట్టూ కాచుకుని ఉన్న ఊరివారి అమానతులను వారికి తిరిగి అప్పగించటానికి ఆయన హజ్రత్ అలీ (రజి)ని మక్కాలో ఉంచి వెళ్ళారు. శత్రువు సొమ్ము పట్ల ఇంత నిజాయితీ నేర్పిన ధర్మం, హోటలు ముందు కూర్చుని అన్నం తింటున్న అమాయకుణ్ణి కాల్చమంటుందా? ఒక నిరపరాధిని చంపటం మానవాళినంతటినీ చంపటంతో సమానమని దివ్య ఖుర్ఆన్ బోధిస్తూ ఉండగా, ఆ పని చేసినవారు మన పేరు వాడుకున్నారు. పారిస్ వీధుల్లో రక్తం చిందించటంతో పాటు మన బిడ్డలు ఇచ్చిన మాటకూ వారు ద్రోహం చేశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మా పిల్ల అడిగిన ప్రశ్నే ఎందరో యువతీయువకులు అడుగుతారు. "మామూ! ఎవరో చేసిన పాపానికి నేనెందుకు సంజాయిషీ చెప్పుకోవాలి? క్లాసులో అందరూ నావైపే చూస్తున్నారు."

నిజమే. సంజాయిషీ తప్పు చేసినవాడు చెప్పవలసినది. ఒకరి పాపభారం మరొకరు మోయరని మన విశ్వాసం. కానీ సంజాయిషీ వేరు, పరామర్శ వేరు. మన ఊళ్ళో ఎదురింట్లో చావు జరిగితే వెళ్ళి గుమ్మం ముందు కూర్చుంటాము. వంట వండి పంపుతాము. చావు ఇంటికి వెళ్ళినంత మాత్రాన నేరం ఒప్పుకున్నట్టు ఎవరూ అనుకోరు. వెళ్ళకపోతేనే పదేళ్ళు గుర్తుపెట్టుకుంటారు. పరాయి నగరంలో కూడా అంతే. ఆ నగరం ఏడుస్తూ ఉంటే దాని పక్కన కూర్చోవటం పొరుగువాడి హక్కు తీర్చటమే. 2016 జనవరిలో ఫ్రాన్స్‌లోని వందలాది మసీదులు ఒక శని, ఆదివారాలు తలుపులు బార్లా తెరిచి, ఊరివారిని పిలిచి, టీ, మిఠాయిలు ఇచ్చి మాట్లాడాయి. మా పిల్లా, కింది అంతస్తు ముసలావిడా కలిసి అటువంటి ఒక మసీదుకు వెళ్ళివచ్చారు.

ఇలా చేస్తే అనుమానాలన్నీ తొలగిపోతాయని నేను చెప్పటం లేదు. అలా చెబితే ఆ తల్లిని మోసగించినవాణ్ణి అవుతాను. అత్యవసర పరిస్థితి 2017 నవంబరు 1 దాకా సాగింది. న్యాయమూర్తి అనుమతి లేకుండానే ఇళ్ళు సోదా చేసే అధికారం పోలీసులకు వచ్చింది. మొదటి కొన్ని నెలల్లోనే మూడు వేలకు పైగా సోదాలు జరిగాయి. ఎన్నో ముస్లిం కుటుంబాలు, మసీదులు వాటి తాకిడికి గురయ్యాయి. వాటిలో ఉగ్రవాద కేసుల దాకా వెళ్ళినవి అతి కొద్ది. మా అల్లుడి సంచీ స్టేషనులో తరచుగా తెరిపించేవారు. మెట్రోలో మా పిల్ల పక్క సీటు చాలాసార్లు ఖాళీగానే ఉండిపోయేది. 2007లో మే 18న మక్కా మసీదులో జుమా వేళ బాంబు పేలిన తర్వాత, ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ళ తర్వాత, అనుమానం ఎంత బరువో హైదరాబాదు తల్లులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ బరువు మోస్తూనే మంచి చేసిన ఒక యువకుని గురించి చెబుతాను. పేరు లసానా బాతిలీ. మాలీ దేశం నుంచి వచ్చిన ముస్లిము. అప్పుడు 24 ఏళ్ళవాడు. పారిస్‌లో యూదుల సరుకుల దుకాణంలో పనివాడు. 2015 జనవరి 9న ఒక సాయుధుడు ఆ దుకాణంలో చొరబడి నలుగురిని చంపాడు. బాతిలీ కొందరు గిరాకీలను కింద ఉన్న శీతల గదిలోకి పంపి, యంత్రం ఆపి, దీపాలు ఆర్పి, సరుకులు ఎక్కించే లిఫ్టులో తాను బయటపడ్డాడు. బయట పోలీసులు అతణ్ణే దుండగుల మనిషి అనుకుని సంకెళ్ళు వేశారు. గంటకు పైగా అలాగే ఉంచారు. సంగతి తెలిసిన తర్వాత, లోపలి గదుల వివరాలు పోలీసులకు చెప్పింది అతడే. పదకొండు రోజులకు ఫ్రాన్స్ ప్రభుత్వం అతనికి పౌరసత్వం ఇచ్చి గౌరవించింది. నా విద్యార్థులకు ఈ సంగతి చెప్పేటప్పుడు సన్మానం దగ్గర ఆగను. సంకెళ్ళ దగ్గర ఆగుతాను. మంచి చేసినందుకు మొదట దొరికింది అవే. అయినా ఆ మనిషి నోరు మూసుకోలేదు, లోపల ఉన్నవారి ప్రాణాలను మరచిపోలేదు.

తల్లిదండ్రులు ఆలోచించవలసిన మరొక విషయం ఉంది. నవంబరు దాడులు చేసినవారిలో ఎక్కువమంది ఫ్రాన్స్, బెల్జియం దేశాల్లోనే పుట్టి పెరిగినవారు. ఆ గాలి పీల్చినవారే ఆ గాలిని విషం చేశారు. లతీఫా ఇబ్న్ జియాతెన్ అనే మొరాకో మూలాలున్న తల్లి ఉన్నారు. ఫ్రాన్స్ సైన్యంలో పనిచేసే ఆమె కుమారుణ్ణి 2012 మార్చిలో తూలూజ్ నగరంలో ఒక ఉగ్రవాది కాల్చి చంపాడు. కన్నీరు ఆరకముందే ఆమె ఆ హంతకుడు పెరిగిన పేటకు వెళ్ళి, అతని గురించి అడిగారు. అక్కడి కుర్రవాళ్ళు అతణ్ణి వీరుడన్నారు. తాను ఎవరి తల్లినో ఆమె చెప్పిన తర్వాత వారి ముఖాలు మారిపోయాయి. పనీపాటా లేక, పట్టించుకునేవారు లేక తిరిగే ఆ పిల్లలను చూసి ఆమె పగ పెంచుకోలేదు. కొడుకు పేరు మీద ఒక సంస్థ స్థాపించి, తలకు గుడ్డ కట్టుకుని, బడులకూ జైళ్ళకూ వెళ్ళి పిల్లలతో మాట్లాడుతున్నారు. మూసుకున్న తలుపుల వెనుక, ఒంటరితనంలో ఏమి మొలుస్తుందో ఆ తల్లికి తెలుసు. "ఎవరితోనూ మాట్లాడకు" అన్న నా సలహా ఎంత ప్రమాదకరమో ఆమె సంగతి చదివిన తర్వాత నాకు అర్థమైంది.

కనుక ఉత్తరం రాసిన తల్లికి నా మనవి ఇది. అమ్మా, పంపండి. అయితే చేతిలో నాలుగు మాటలు పెట్టి పంపండి.

మొదటిది భాష. ఇంగ్లీషుతో గడిచిపోతుందని అనుకోవద్దు. వెళ్ళే ముందే పలకరింపు మాటలైనా నేర్చుకోవాలి. ఏ దుకాణంలోకి వెళ్ళినా, ఏ కార్యాలయంలో వరుసలో నిలుచున్నా ముందు పలకరించాలి. భవనంలో తన పై అంతస్తు, కింది అంతస్తు, పక్క గది వారి పేర్లు మొదటి వారంలోనే తెలుసుకోవాలి. పొరుగువాడు ఏ మతస్థుడైనా అతని హక్కు హక్కే.

రెండవది చట్టం. అక్కడి చట్టాలు మన ఊహకు భిన్నంగా ఉంటాయి. 2004 చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాలల్లో విద్యార్థినులు తలకు గుడ్డ కట్టుకోరాదు. 2010 చట్టం బహిరంగ స్థలాల్లో ముఖం కప్పుకోవటాన్ని నిషేధించింది. ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో మత చిహ్నాలు ధరించరాదు. వీధిలో గానీ, విశ్వవిద్యాలయంలో చదువుకునే విద్యార్థినులకు గానీ తలగుడ్డ మీద నిషేధం లేదు. ఆడపిల్లలను పంపేవారు ఈ తేడా ముందే తెలుసుకుంటే లేనిపోని భయం ఉండదు. మా పిల్ల ఆ రోజుల్లో తలగుడ్డ తీసివేయనా అని అడిగింది. అక్కడి ఆడవారు నవంబరు చలికి ఉన్ని టోపీ పెట్టుకుని, మెడకు శాలువా చుట్టుకుంటారు కదా, నీవూ అలాగే వెళ్ళు, తల కప్పుకోవటమే ముఖ్యం గానీ గుడ్డ ఏదైనా పరవాలేదు అన్నాను. ఆ చలికాలం అలాగే గడిచింది.

మూడవది మసీదు. పారిస్‌లోని పెద్ద మసీదు 1926లో ప్రారంభమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ కోసం ప్రాణాలర్పించిన ముస్లిం సైనికుల స్మారకంగా దాన్ని కట్టారు. అటువంటి మసీదులో, నలుగురి ముందు ముఖం చూపించి మాట్లాడే ఆలింను అబ్బాయి గురువుగా ఎంచుకోవాలి. ఫోను తెరలో కనిపించే ముఖం తెలియని బోధకుణ్ణి కాదు. ద్వేషం రగిలించేవాడు ఎన్ని ఆయతులు చదివినా అతని నుంచి దూరంగా జరగాలి.

నాలుగవ మాట అబ్బాయికి కాదు, మీకు. ఏదైనా జరిగిన రోజున ఫోను చేసి మీ భయాన్ని అతని తల మీద కుమ్మరించకండి. ముందు క్షేమం అడగండి. ఆ తర్వాత, "మీ పక్కింటివాళ్ళు ఎలా ఉన్నారు నాయనా?" అని అడగండి. నేను ఆ ఉదయం అడగవలసి ఉండి అడగని ప్రశ్న అది.

మా పిల్ల తిరిగి రాలేదు. పదేళ్ళు దాటింది. ఇద్దరు పిల్లలు. కింది అంతస్తు ముసలావిడ రెండేళ్ళ కిందట కాలం చేశారు. అంత్యక్రియల నాడు మా అల్లుడు సెలవు పెట్టి వెళ్ళాడు. ఆవిడ కూతురికి వారం రోజుల పాటు భోజనం పంపింది మా పిల్లే. ఆ వారంలో ఒకనాడు ఫోను చేసి, "మామూ, ఇవాళ ఖిచిడీ పంపాను. ఉప్పు తగ్గించి చేశాను, వాళ్ళు తక్కువ తింటారు" అంది. తలుపు వేసుకోమన్న మాట అప్పుడు నాకు మళ్ళీ గుర్తుకు వచ్చింది. ఆమెకు గుర్తుందో లేదో అడగలేదు.

అల్లాహ్ మన బిడ్డలను ఎక్కడ ఉన్నా తన రక్షణలో ఉంచుగాక! వారు నివసించే ఊళ్ళకు శాంతిని ప్రసాదించుగాక! ఇచ్చిన మాట నిలుపుకునే సద్బుద్ధిని వారికీ మనకూ అనుగ్రహించుగాక! ఆమీన్.